బి 1347 అంటే ఏటండీ?

సుబ్రహ్మణ్యేశ్వరరావు పేరు ఎత్తితే కనకరాజుకి ఇప్పటికీ ముద్ద దిగదు. రాజోలులో కొబ్బరి వ్యాపారం, రెండు గోడౌన్లు, తెల్లకారు ఉన్న మనిషి. అంతటివాడి కన్ను, ఏడో తరగతిలో బడి మానేసి కార్ల కరెంటు పని నేర్చుకున్న కుర్రాడి రోడ్డుపక్క స్థలం మీద పడింది. తన గోడౌనుకి ఎదురుగా ఉందని మూడుసార్లు అడిగాడు. ఇవ్వనన్నాడు కనకరాజు.

ఎలా ఇస్తాడు? అందులో షెడ్డు వేసుకుంటేనే సాయిదుర్గని అడిగే మొహం వస్తుంది. ఆమె తండ్రి నారాయణమూర్తి ఆ రావుగారి కొట్లోనే గుమస్తా. "సొంత జాగా ఉన్నోడికే మా పిల్లనిస్తానండీ" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు.

సాయిదుర్గ పనిచేసే ఇంటర్నెట్ షాపు కనకరాజు అద్దె షెడ్డు పక్కనే. 2007లో అతను విజయవాడ నుంచి సెకండ్‌హ్యాండ్ స్కానర్ తెచ్చుకున్నాడు. కారుకి తగిలిస్తే రోగం పేరు చెప్పదు, నెంబరు చెబుతుంది. మొదటి నెంబరు చీటీ మీద రాసుకుని షాపుకెళ్ళాడు.

"అమ్మాయిగారూ, బి 1201 అంటే ఏటో చూసిపెట్టండి."

"ఏ కంపెనీ కారండీ?"

"నెంబరు నెంబరే కదండీ. కంపెనీతో పనేటి?"

"కనకరాజని కేకేస్తే అమలాపురంలో ఒకరు పలుకుతారు, రాయవరంలో ఒకరు పలుకుతారు. ఊరు చెప్పక్కర్లేదా?"

కనకరాజుకి రోషం వచ్చింది. కానీ ఆ పిల్ల నెట్‌లో వెతికి తెలుగులో విడమరిచింది. బి అంటే బాడీ. తలుపులు, దీపాలు, అద్దాలు, హారను. పక్కన సున్నా ఉంటే అన్ని కంపెనీలకీ ఒకటే అర్థం. ఒకటి ఉంటే ఏ కంపెనీ అర్థం దానిది.

"మనుషులక్కూడా ఇలాంటి నెంబర్లుంటే బాగుండునండీ" అన్నాడు.

"మీకు స్కానర్ అక్కర్లేదు. మొహం మీదే వెలుగుతుంది."

ఆ రోజు నుంచి చిన్న బల్బు మాడినా నెంబరు పట్టుకుని పరిగెత్తేవాడు. రెండు కంపెనీల జాబితాలు ప్రింటు తీసిచ్చింది. ఖర్చు కలిసొస్తుందని రెంటినీ కలిపి ఒకే పుస్తకంగా బైండు చేయించాడు. తన చేత్తో తనే చేసుకున్నాడు.

శ్రావణంలో రావుగారి కారు షెడ్డుకొచ్చింది. తలుపు వేసినా లోపలి దీపం ఆరదు, తెల్లారేసరికి బ్యాటరీ చచ్చిపోతోంది. స్కానర్ బి 1347 అంది. బయట జల్లు. పక్క షాపు నుంచి వచ్చిన సాయిదుర్గ పుస్తకం తెరిచింది.

"నా మొహం చూస్తారేటండీ? నెంబరు పుస్తకంలో ఉంది."

"నాకు ఇంగ్లీషు చదవడం రాదు కదండీ. చదివేవాళ్ళని చూస్తాను."

ఆమె పకపకా నవ్వింది. ఈదురుగాలికి పేజీలు తిరిగిపోయాయి. నవ్వుతూనే వేలు పెట్టింది. అదే నెంబరు, కంపెనీ వేరు. ఇద్దరూ చూసుకోలేదు.

"లోపలి కంట్రోల్ బాక్సు పోయిందటండీ."

కొత్త బాక్సు బిగించాడు. అది ఆ కారు తాళాన్ని గుర్తుపట్టలేదు, బండి స్టార్టవలేదు. పాతది మళ్ళీ పెడదామంటే ఊడదీసేటప్పుడే పిన్నులు విరిగాయి. కూతురి నిశ్చితార్థం రోజున రావుగారి కారు కదల్లేదు. రాజమండ్రి నుంచి వచ్చిన కంపెనీ మనిషి పెదవి విరిచాడు. "ఈ కారుకి ఆ నెంబరంటే డోరు స్విచ్చండీ. బొటనవేలంత ముక్క."

తగువు తీర్చడానికి రావుగారి గోడౌనులో పెద్దలు కూర్చున్నారు.

"ఎవరు చదివేర్రా ఆ నెంబరు?" అన్నాడు రావు.

తండ్రి వెనకాల నిలబడ్డ సాయిదుర్గ నోరు తెరిచింది.

"నేనేనండీ" అన్నాడు కనకరాజు.

"నీకు ఇంగ్లీషెప్పుడొచ్చింది?"

"సరిగ్గా రాలేదనే కదండీ ఈ గొడవ."

అందరూ నవ్వారు. రావు నవ్వలేదు. "పెళ్ళివారి ముందు పరువు తీసేవు. ఆ స్థలం రాసిచ్చెయ్."

బేరమాడితే ఆరా తీస్తారు. ఆరా తీస్తే గుమస్తా కూతురి పేరు బయటికొస్తుంది, ఆ సాయంత్రానికే నారాయణమూర్తి కొలువు పోతుంది. కనకరాజు సంతకం పెట్టేశాడు.

మర్నాడు సాయిదుర్గ వానలో తడుస్తూ షెడ్డుకొచ్చింది.

"నా తప్పు నన్నడక్కుండా మీరెలా తీసుకుంటారండీ? నేను చెప్పేస్తాను."

"మీ నాన్నగారిని మానిపించేస్తారు. ఊరుకోండి."

"మీకేటి అంత బాధ?"

"మీరంటే నాకు ఇష్టమండీ."

ఆమె జడ చివర నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఆ స్థలం ఉన్నప్పుడు ఈ ముక్క అనుంటే మా నాన్నగారు ఒప్పుకుందురు" అంది. "నేనెప్పుడో ఒప్పుకున్నాను."

అయినా కనకరాజు వెళ్ళి అడిగాడు. నారాయణమూర్తి మంచినీళ్ళిచ్చి, మర్యాదగానే, "జాగా లేదు కదా బాబూ" అన్నాడు. మాఘంలో సాయిదుర్గని రాయవరం ఇచ్చారు.

ఆ ఏడాది నీకేం పోయిందని ఎవరైనా అడిగితే కనకరాజు ఒక్కటే చెబుతాడు. తాటిపాక రోడ్డు మీద, తూర్పు ముఖం, నాలుగు ముప్పాతిక సెంట్లు.