కళ్ళు మూస్తే ఊగే నాయుడు

పక్షవాతం నుంచి తేరుకుంటున్న వాళ్ళను నిలబెట్టి చూడటం మద్రాసు ఆసుపత్రిలో గోపాలస్వామి ఉద్యోగం. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని, గడియారంలో ఒక నిమిషం ఊగకుండా నిలబడితే ఆ మనిషికి కర్ర అక్కర్లేదు, మళ్ళీ రానూ అక్కర్లేదు. ఊగితే వచ్చే వారం రావాలి.

చింతాద్రిపేట యతిరాజులు నాయుడు వారం వారం ఊగుతూనే ఉన్నాడు. ఆ ఊపు చూసి కూవం నది ఒడ్డు కొబ్బరిచెట్లు తమకు గాలి చాలడం లేదని అలిగాయట. గోపాలస్వామికి మాత్రం విసుగు లేదు. నాయుడి వెంట వచ్చి వరండాలో కూర్చునే కూతురు కోకిల వల్ల, "వచ్చే వారం రండి" అన్నప్పుడల్లా అతని గొంతులో చక్కెర కలిసేది.

ఆ రోజు వాన. వరండాలోకి జల్లు కొడుతోందని కోకిలను లోపలికి రానిచ్చారు. రాగానే నిలదీసింది.

"మా నాయన ఇంట్లో ఒంటిగా నిలబడి గడ్డం గీసుకుంటాడు. ఈడికొస్తే ఊగుతాడా? మీరు సరిగ్గా చూస్తా ఉండారా సార్?"

"చూస్తూనే ఉన్నానండి."

"ఎవర్ని?"

గోపాలస్వామి చేతిలోని గడియారం వైపు చూపు తిప్పుకున్నాడు.

యతిరాజులు కళ్ళు మూశాడు. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఒళ్ళు ఊగడం మొదలుపెట్టింది. కోకిల కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇది రోగం కాదు సార్, భజన. కోవెల్లో మా నాయనది ముందు వరస. కళ్ళు మూస్తే పెరుమాళ్ళు కనిపిస్తాడు, ఒళ్ళు ఊగుతుంది."

"మరి ఎలా చూసేది?"

"మా తిరువేంగడం మామ ఊసెత్తండి. ఆయనతో మాకు గోడ తగాదా," అంది గొంతు తగ్గించి.

"నాయుడుగారూ, తిరువేంగడంగారు చాలా మంచివారటగా?"

కళ్ళు తెరుచుకోలేదు గానీ చేతులు విడిపోయాయి. "వాడా మంచోడు? నా గోడ మీద వాడి పందిరి వాల్చినోడా?" అంటూ నాయుడు లంకించుకున్న తిట్లకు వాన కూడా కాసేపు ఆగి విన్నది. నోరు తప్ప మరేదీ కదల్లేదు. మనిషి హైకోర్టు మీద ఓడలకు దారి చూపే దీపస్తంభంలా నిలబడ్డాడు.

గోపాలస్వామి చేతిలో గడియారం నడుస్తోంది. నిలబడ్డాడంటే కోకిల ఇక రాదు. ఊగాడంటే కాదనేవాడు లేడు, కానీ ఆ పెద్దాయన ఇంకో వారం కర్రతో ఈడ్చుకోవాలి.

గడియారం ఆపాడు.

"నిలబడ్డారు. ఇక రానక్కర్లేదు," అన్నాడు, గోడకు చెప్పినట్టు.

కోకిల గొడుగు విప్పబోయి ఆగింది. "ఆ మాట వచ్చే వారం చెప్తే ఏం పోయేది?" అంది మెల్లగా.

యతిరాజులు ఒక కన్ను తెరిచాడు.

"మీ నాయన ఏడుంటాడు అబ్బాయ్?"

"తొండియార్‌పేటలో అండి."

"ఆదివారం మా ఇంట్లోనే ఉంటానని చెప్పు. వస్తే కర్ర లేకుండా వాకిట్లో నిలబడి లోపలికి పిలుచుకుంటా."