గొలుసులు బిగిసిన సాయంత్రం

మార్చి నెల, ఆదివారం. చర్చి నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోకముందే మా ఆయన రాయిస్ మమ్మల్నందర్నీ ట్రైలర్‌లోకి రమ్మన్నాడు.

ట్రక్కు వెనక తగిలించుకుని పోయే చిన్న ఇల్లు అది. ఓ మూల పడకలు, ఓ మూల పొయ్యి, మధ్యలో మోకాళ్ళు తగిలే ఇరుకు బల్ల. ఎవరో వాడి వదిలేసినదాన్ని మా ఆయన ముచ్చటపడి కొనుక్కొచ్చాడు. పెరట్లో కోళ్ళ గూడు పక్కన నిలబెట్టి, నాలుగు మూలలా కాళ్ళు దించి, చక్రాలకి చెక్క దిమ్మలు అడ్డం పెట్టాడు. ట్రక్కు మాత్రం చక్రాలు, బ్రేకులు విప్పేసి షెడ్డులో పడుంది.

"ప్రయాణం సంగతి బండిలో కూర్చునే మాట్లాడుకోవాలి జోడీ, అప్పుడే మూడ్ వస్తుంది" అన్నాడు నాతో.

మూడ్ వచ్చింది. రావాల్సింది కాదు.

పిల్లల బడికి వసంతం సెలవులు దగ్గరపడ్డాయి. కెంటకీ నుంచి దక్షిణంగా దిగి నాలుగైదు రాష్ట్రాలు చుట్టి రావాలని క్రిస్మస్ నుంచీ అనుకుంటున్నాం. అనుకోవడమే. ఏ పూట కూర్చున్నా అదే మ్యాపు, అదే గొడవ.

"స్మోకీ కొండలు. వాగులో ట్రౌట్ చేపలు. ఇంక మాట్లాడేదేముంది?" అన్నాడు రాయిస్, మ్యాపు మీద టెనెసీని అరచేత్తో కప్పేసి.

"నాకు ఫ్లోరిడా" అంది డెలానీ. పదిహేనేళ్ళ మా కూతురు. "మా క్లాసులో సముద్రం చూడనిదాన్ని నేనొక్కదాన్నే."

"సముద్రం దగ్గరికెళ్ళి నువ్వు చూసేది ఫోనేగా."

"వాగు దగ్గరికెళ్ళి నువ్వు చేసేది నిద్రేగా నాన్నా."

మా అత్తగారు ఒనీడా కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పట్టుకుని, ఎవరో వచ్చి తీసుకెళ్తారన్నట్టు.

"మీకెక్కడికి వెళ్ళాలనుంది అత్తయ్యా?" అన్నాను.

"నాకేముంది పిల్లా. మీరెక్కడికంటే అక్కడికే."

"జార్జియాలో సవానా ఊరికి వెళ్దామా? పాత వీధులు, పెద్ద పెద్ద చెట్లు..."

"అక్కడ ఉక్క."

"పోనీ కొండలు?"

"చలి."

"సముద్రం?"

"ఆ ఇసక బట్టల్లోంచి ఏడాదైనా పోదు."

పళ్ళు నూరుకున్నాను. పోయిన శరత్కాలంలో ఆవిడ మెట్లమీద జారిపడ్డాక, తూర్పు కొండల్లో ఆవిడ పుట్టి పెరిగిన ఇల్లు రాయిస్ అమ్మేసి ఆవిడ్ని ఇక్కడికి తీసుకొచ్చాడు. అప్పట్నుంచీ ఏమడిగినా ఇదే వరస. ఏదైనా సరే అంటుంది. ఏదీ సరి కాదు.

ఫోను నా చెవికి అతుక్కుపోయింది. దారిలో రాత్రుళ్ళు బండి నిలుపుకోవడానికి జాగా కోసం ఒక్కొక్క క్యాంపుకీ ఫోన్ చేస్తున్నాను. సంగీతం వినిపిస్తారు, లైన్లోనే ఉంచేస్తారు, చివరికి ఎవరో ఒకావిడ తీయగా చెప్తుంది: "అయ్యో, సెలవులకి అంతా నిండిపోయింది బంగారం." జార్జియాలో నిండిపోయింది. అలబామాలో నిండిపోయింది. రెండు కరొలైనాలూ నిండిపోయాయి.

ఈ ఫోన్లతోనే సాయంత్రమైంది, ఇంతలో వాన మొదలైంది. రేకు పైకప్పు మీద గులకరాళ్ళు కుమ్మరించినట్టు పడుతోంది. ఇంట్లోకి పరిగెడదామన్నా వీల్లేదు. పొద్దుగూకకుండానే లోపల చీకటి కమ్మింది. తడి కార్పెట్టు వాసన, పొద్దున చేసిన శాండ్‌విచ్‌ల వాసన, నలుగురి చెమట వాసన.

"జనవరిలోనే బుక్ చేసుంటే ఈ తిప్పలుండేవా?" అన్నాడు రాయిస్.

ఫోను బల్ల మీదికి విసిరాను. "జనవరిలో ఎక్కడికని చేయను? మీ ముగ్గురూ ఒకే ఊరు పేరు చెప్పారా? నాకు ఎటైనా సరే! ఎవరు తీసుకెళ్ళినా సరే! ఈ డబ్బా ఒక్కసారి కదిలితే చాలు!"

వాన చప్పుడొక్కటే.

అప్పుడు, ముందువైపు నేల కింద, ఇనుము ఇనుముకి ఒరుసుకున్న చప్పుడైంది. నెమ్మదిగా. గొలుసు బిగించినట్టు.

"గాలి" అన్నాడు రాయిస్.

బండి మెల్లగా ముందుకి ఒరిగింది. అల్మారాలో కప్పులు గలగలమన్నాయి. పెన్సిలు బల్ల మీద దొర్లి నా ఒళ్ళో పడింది. కాళ్ళ కింద చక్రాలు దిమ్మల మీంచి ఎక్కి దిగినట్టు రెండు కుదుపులు... తర్వాత బురదలో చక్రాల చప్పుడు.

"నాన్నా, జారుతున్నామా?" డెలానీ గొంతు సన్నగా వచ్చింది.

మా పెరడు సాపుగా ఉంటుంది. జారడానికి వాలే లేదు.

కిటికీ అద్దానికి పట్టిన ఆవిరి అరచేత్తో తుడిచాను. కోళ్ళ గూడు కనిపించలేదు. కంచె గుంజలు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పోతున్నాయి. ఆ తర్వాత కంచె కూడా లేదు. తారు రోడ్డు. చక్రాల కింద నీళ్ళు చిమ్ముతున్న శబ్దం.

రాయిస్ లేచి తలుపు తెరిచాడు. గాలి, వాన ఒక్కసారి మొహం మీద కొట్టాయి. మెట్టు కింద రోడ్డు వాగులా పరిగెడుతోంది. దూకే వేగం కాదది. తలుపు లాగి మూసేశాడు.

"ట్రక్కు ఎవడో..." అని ఆగిపోయాడు. ట్రక్కుకి చక్రాలే లేవు. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

టార్చి తీసుకుని ముందు కిటికీలోంచి వేశాడు. నేను అతని భుజం మీంచి చూశాను.

బండి ముందు ఇనుప దూలం. దాని కొక్కేనికి రెండు గొలుసులు. ఎప్పుడూ నేల మీద వేలాడుతుండేవి ఇప్పుడు తీగల్లా బిగిసి, తిన్నగా ముందుకి, వానలోకి చాచుకుని ఉన్నాయి. అంతకి అవతల ఏ బండీ లేదు. దీపం లేదు. ఇంజను చప్పుడు లేదు.

వాన సన్నగిల్లినప్పుడు మాత్రం ఒక శబ్దం వినిపించింది. బరువు లాగేటప్పుడు వచ్చే ఊపిరి.

హుఁ... హుఁ...

నేను డెలానీని దగ్గరికి లాక్కున్నాను. "ఏంటమ్మా అది?" అని గుసగుసలాడింది.

కిటికీ అవతల కొండలొచ్చాయి. నల్లగా, మంచు పట్టి. పక్కనే రాళ్ళ మీద వాగు తెల్లగా దూకుతోంది. "స్మోకీలు" అన్నాడు రాయిస్. మా ఇంటి నుంచి అరరోజు దూరం. మేం కదిలి ఎంతోసేపు కాలేదు. ఆ కొండలూ వెనక్కి పోయాయి. నీళ్ళలో నిలబడ్డ పొడుగాటి చెట్లు. వాటి కొమ్మలకి జుట్టులా వేలాడే నాచు. లోపలికి బురదనీటి వాసన, ఉప్పు వాసన కొట్టాయి. డెలానీ కిటికీకి మొహం ఆనించి, ఒక్కసారి వెనక్కి తగ్గింది.

"సముద్రం" అంది. ఏడుస్తోంది. "అమ్మా, నాకొద్దు. నాకేం వద్దు. చూసేశాగా, ఇంక ఆపమను."

అప్పుడు బండి నెమ్మదించింది.

అది ఒక క్యాంపు. రోడ్డు పక్కన చెట్ల మధ్య ట్రైలర్లు వరసలు వరసలుగా ఆగి ఉన్నాయి. అన్నిట్లోనూ దీపాలు వెలుగుతున్నాయి. ప్రాణం లేచొచ్చింది నాకు. మనుషులున్నారు! అద్దం మీద కొట్టాను, అరిచాను. ఎవరూ తలెత్తలేదు.

దగ్గరికొచ్చేసరికి బాగా కనిపించింది. ప్రతి కిటికీలోనూ ఒక ఇరుకు బల్ల. బల్ల చుట్టూ ఒక కుటుంబం. మధ్యలో మ్యాపు. పెదాలు కదులుతున్నాయి, వేళ్ళు చూపిస్తున్నాయి, ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు... ఒక్క మాటా బయటికి రావడం లేదు. ఒకావిడ ఫోను చెవిన పెట్టుకుని ఉంది. ఆవిడ జుట్టులో నాచు మొలిచి భుజాల మీదికి దిగింది. తీసేసుకోవడం లేదు.

వరస చివర ఒక జాగా ఖాళీగా ఉంది. బండి దానివైపు తిరుగుతోంది.

"వద్దు!" అని అరిచాడు రాయిస్. ముందు గోడని రెండు చేతులా బాదాడు. "ఇంటికి! వెనక్కి తిప్పు! ఇంటికి!"

"ఇంటికి!" అన్నాను నేను. "ఇంటికి!" అంది డెలానీ.

బండి ఆగినట్టే ఆగి, తటపటాయించింది. ఊపిరి చప్పుడు కూడా ఆగింది. వింటున్నట్టు. మళ్ళీ ఆ జాగావైపు ఒక్క అడుగు కదిలింది.

నాకు అర్థమైంది. ముగ్గురమే అన్నాం.

"అత్తయ్యా! మీరూ అనండి!"

ఆవిడ హ్యాండ్‌బ్యాగు మీంచి చేతులు తీయలేదు. "ఏ ఇంటికి?" అంది.

"ఏంటత్తయ్యా, ఇప్పుడా! మన ఇంటికి!"

"మీ ఇంటికి. నా ఇల్లు అమ్మేటప్పుడు ఎవరైనా నన్నడిగారా? సంతకం పెట్టమన్నారు, పెట్టాను. ఎక్కమన్నారు, ఎక్కాను. ఇవాళ నా మాట కావాల్సొచ్చిందా?"

నాకు ఆవిడ్ని పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. అంత భయంలోనూ ఒళ్ళు మండింది. కిటికీలో ఆ జాగా దగ్గరికొస్తోంది. తడి గడ్డి, నీళ్ళ కుళాయి, కరెంటు పెట్టె, అన్నీ మా కోసం సిద్ధం చేసినట్టు.

రాయిస్ తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అడగలేదమ్మా. నువ్వు వద్దంటావని భయపడి అడగలేదు. ఇప్పుడడుగుతున్నా. మాతో రా. నువ్వు రానంటే నేనూ ఇక్కడే దిగుతాను. వీళ్ళిద్దరినైనా పోనివ్వమని చెప్పు."

ఆవిడ కొడుకుని చూసింది. తర్వాత డెలానీని చూసింది. పిల్ల పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

అప్పుడావిడ లేచి, బల్ల పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి, ముందు గోడకి అరచెయ్యి ఆనించింది. ఆవిడ నాన్న కొండల్లో కంచరగాడిదలతో దుంగలు లాగించేవాడట. వాటితో మాట్లాడే గొంతు అది. కేకలు కాదు. మెత్తగా, గొంతులోంచి.

"హో... చాలమ్మా, చాలు. అలిసిపోయావు. ఇంటికి పోదాం పద. తిరుగు. అదీ... నెమ్మదిగా... ఇంటికి."

గొలుసులు గలగలమన్నాయి. బండి తిరిగింది.

వెనక కిటికీలోంచి చూశాను. ఆ ట్రైలర్లలో జనం అందరూ ఒక్కసారిగా మాట్లాడ్డం మానేశారు. తలలెత్తి మావైపు చూస్తున్నారు.

ఒనీడా దారి పొడుగునా గోడ మీంచి చెయ్యి తీయలేదు, ఏదో గొణుగుతూనే ఉంది. బండి ఆగాక కూడా మేం కదల్లేదు. కోడిపుంజు రెక్కలు టపటపలాడించిన చప్పుడు విన్నాకే రాయిస్ తలుపు తీశాడు.

మా పెరడే. చక్రాల కింద దిమ్మలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. బురదలో చక్రాల జాడ లేదు. సన్నగా జల్లు పడుతోంది. పడమటి పక్కన ఇంకా కాస్త వెలుతురుంది.

నేను డెలానీ చెయ్యి పట్టుకుని పరిగెత్తాను. రాయిస్ వెనకే వచ్చి వంటింటి దీపం వేశాడు. ఆ పసుపు వెలుతురు, స్టవ్ మీద చిక్కుడు గింజల గిన్నె చూడగానే నాకు ఏడుపొచ్చింది. డెలానీ టవలు కప్పుకుని మూలకి వెళ్ళి నిలబడింది.

మా అత్తగారు అందరికంటే వెనక వచ్చింది. లోపలికి అడుగుపెట్టి, తలుపు బార్లా తెరిచి పట్టుకుని, అక్కడే నిలబడిపోయింది. జల్లు లోపలికి కొడుతోంది.

"తలుపెయ్యండి అత్తయ్యా" అన్నాను. కోపం ఆపుకోలేకపోయాను. "ఇంకా దేనికి తెరిచి పెట్టారు?"

"ఉండు పిల్లా." ఆవిడ చీకట్లోకి చూస్తోంది. బరువైనది, నెమ్మదైనది ఏదో మెట్లెక్కి వస్తుంటే చూసినట్టు. "అంత దూరం లాక్కొచ్చింది. వానలో నిలబెట్టి మనం లోపలికి పోతామా?"

"అమ్మా..." అన్నాడు రాయిస్. "తలుపెయ్యి."

వరండా చెక్కలు కిర్రుమన్నాయి. మొదట ఒకటి. తర్వాత, కాస్త ఇవతల, ఇంకోటి.

ఒనీడా దారిచ్చి పక్కకి తప్పుకుంది. తడి తోలు వాసన ఒకటి గది నిండా పరుచుకుంది. ఆవిడ తలుపు మూసి, గడియ పెట్టి, మావైపు తిరిగింది.

మా వంటింటి బల్ల ఓక్ చెక్కది. నలుగురం పట్టుకుంటే గానీ కదలదు. ఎవరూ ముట్టుకోకుండానే అది నేల మీద గీసుకుంటూ గోడవైపు జరిగింది... ఏదో పెద్దది, ఒదిగి ఒదిగి, దాని పక్కనుంచి వెళ్తున్నట్టు.