నాలుగు నిమిషాల డౌన్‌టైమ్

"మధ్యాహ్నం పన్నెండు లోపల వైరస్ చావాలి. ధనశ్రీ బతకాలి. అదే నీ అసైన్‌మెంట్," అని చీఫ్ చంద్రమౌళి ఫోన్ పెట్టేశాడు. చెప్పడం ఎంత సులువో!

ఏజెంట్ త్రినాధరావు అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక కొట్టు మేడ మీద వ్యాపారి వేషంలో ఉన్నాడు. శాటిలైట్ ఫోన్‌ని బెల్లం దిమ్మలో దాచమన్న మహానుభావుడెవరో గానీ, దాని నిండా చీమలే.

విదేశీ ముఠా ఒకటి మన గూఢచారుల మూడు సర్వర్ల డేటాబేస్ క్లస్టర్‌లోకి వైరస్ ఎక్కించింది. పన్నెండు కాగానే మూడొందల పన్నెండు మంది ఏజెంట్ల అసలు పేర్లు దాని చేతికి పోతాయి. రీస్టార్ట్ చేస్తే వైరస్ చస్తుంది. కానీ మూడు సర్వర్లనీ ఒకదాని తర్వాత ఒకటి ఆపితే అది పక్కదానిలోకి దూకుతుంది. మూడూ ఒకేసారి ఆగాలి. అప్పుడు నాలుగు నిమిషాలపాటు క్లస్టర్ ఎవరికీ పలకదు.

ఆ నాలుగు నిమిషాల మీదే ధనశ్రీ ప్రాణం ఉంది. ముఠాలో చేరినట్టు నటించి ఈ రహస్యం లాగింది ఆమే. సబ్బవరం పిల్ల, త్రినాధరావుకి మేనమామ కూతురు. ఇప్పుడు ఎర్ర గౌను, నల్ల కళ్ళద్దాలు వేసుకుని, విదేశీ ఎయిర్‌పోర్టులో దొంగ పాస్‌పోర్టుతో క్యూలో నిలబడింది. ఆ పాస్‌పోర్టు రికార్డు ఇదే క్లస్టర్‌లో ఉంది. కౌంటర్‌లో నంబరు కొట్టినప్పుడు జవాబు రాకపోతే ఆమె దొరికిపోయినట్టే. వెనకాలే ముఠా మనుషులున్నారు.

కౌంటర్ దాటగానే ఆమె ఫోన్ చేసి "వత్తాను" అనాలి. అదే కోడ్‌వర్డ్. ఎంచింది త్రినాధరావే. మా ఊళ్ళో అందరూ అనే మాటే కదా, ఎవడికీ అనుమానం రాదని మురిసిపోయాడు కూడా, పిచ్చిమాలోకం!

పన్నెండుకి ఇంకా పావు నిమిషమే ఉందనగా స్పీకర్‌లో ఆమె గొంతు వినిపించింది.

"బావా, నా ముందు ఇంకొకడున్నాడు. కంగారు పడకు. ఆదోరం సేపల పులుసు సెయ్యమని మా అమ్మకి సెప్పు. సరే మరి, వత్తాను."

పక్కనే లాప్‌టాప్ ముందున్న టెక్నీషియన్ జావీద్ ఆ మాట వినగానే ఎంటర్ కొట్టేశాడు. మూడు సర్వర్లూ ఆగిపోయాయి. పన్నెండుకి ఇంకా రెండు సెకన్లు ఉన్నాయి.

"ఒరే జావీదూ, ఏటి సేసేవురా! అది కోడ్ కాదురా! ఫోన్ పెట్టేత్తూ అన్నాదిరా!"

"కోడ్ అన్నాది గదా భాయ్..." అన్నాడు జావీద్. ఫోన్ పెట్టేముందు రోజూ వాడు వాళ్ళమ్మకి అనేదీ ఆ మాటే.

"లేపరా, లేపు!"

"నాలుగు నిమిషాలు పడతాది భాయ్."

త్రినాధరావు ఆమె నంబరు కొడుతూనే ఉన్నాడు. చేతుల మీద చీమలు కుడుతున్నా వదల్లేదు. మూడోసారి ఎవడో మగవాడు ఎత్తి, తెలియని భాషలో ఏదో అని పెట్టేశాడు. త్రినాధరావు అక్కడే కూలబడి భోరుమన్నాడు. పన్నెండు కావస్తోందని ఆమెకీ తెలుసు. అలవాటుగా అందో, తెలిసే అందో, అడుగుదామంటే మనిషి లేదు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! మిగతా అందరూ క్షేమం. ఈ నెల మొత్తంలో క్లస్టర్ పనిచేసిన సమయం, అదే అవైలబిలిటీ, ఎంత?"

"తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది తొమ్మిది శాతం సార్."

"ఇంకేం! ఆ మిగిలిన కాస్తా ఎవరు పట్టించుకుంటారయ్యా?"

"మా అత్త సార్," అన్నాడు త్రినాధరావు. "ఆ మిగిలిన కాస్తా ఆవిడ కూతురు."