ఎవరైనా ఆడవచ్చు

గుడివాడ స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో కస్టమ్స్ ఆఫీసర్ కోదండరామయ్య బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయి ఉన్నాడు. మెడ మీద సూది గాటు. గుప్పిట్లో బొటనవేలంత నల్లటి ప్లాస్టిక్ పిడి.

"టీవీ గేమ్ కంట్రోలర్ పిడి," అన్నాడు చీఫ్, బందరు ఆఫీసులో. "విదేశీ కంపెనీ. రేపు కార్తీక పౌర్ణమికి పాలకాయతిప్ప బీచ్‌లో లాంచింగ్. ఈ చుట్టుపక్కల టీవీ ఉన్న ఇల్లే లేదు కాంతారావ్. ఇక్కడెందుకు?"

ఏజెంట్ కాంతారావు కరపత్రం చదివాడు. 'చదువు అక్కర్లేదు. అనుభవం అక్కర్లేదు. ఎవరైనా ఆడవచ్చు. ప్రైజ్ మ్యాచ్ సాయంత్రం 4-10కి.'

"స్నానాలు పొద్దున్నే అయిపోతాయి కదా సార్. జనం పల్చబడ్డాక ప్రైజ్ మ్యాచ్ ఏంటి?"

"నాలుగింటికి మన సర్వే షిప్ అక్కడ లంగరు వేస్తుంది. నిరుటి ఉప్పెనకి మారిన లోతులు కొలవడానికి. అరవై మంది ఉంటారు. కంపెనీలో సూర్యకుమారి అని, రెండు వైపులా పనిచేసే మనిషి ఉంది. కోడ్ వర్డ్ నిమ్మకాయ."

మర్నాడు కాంతారావు సోడాబండివాడయ్యాడు. సీసాల కింద వైర్‌లెస్ సెట్. పొద్దున్నే కృష్ణా సాగరసంగమంలో మూడు మునకలు వేసి దీపం కూడా వదిలాడు. ఉద్యోగం ఉద్యోగమే, పౌర్ణమి పౌర్ణమే.

టెంటులో జనరేటర్ మోగుతోంది. టీవీ తెర మీద తెల్లచుక్క పడవ, గడి ఓడ. కంట్రోలర్ పిడి ఎటు తోస్తే చుక్క అటు పోతుంది. చుక్క గడిని గుద్దితే గెలుపు. ముసలమ్మలు కూడా నిమిషంలో నేర్చేసుకున్నారు. క్రేన్ అనే కంపెనీ దొర అందరికీ పిప్పరమెంట్లు పంచుతున్నాడు.

అందరిలో మేటి బందరు నుంచి వచ్చిన కలంకారీ అద్దకం పనివాడు నూరుల్లా. అందరికన్నా అధ్వాన్నం ఆ ఊరి నాంచారయ్య, నలభై ఏళ్ళుగా సముద్రం మీద వేట. ప్రతిసారీ పిడి తోయాల్సిన వైపు కాక రెండోవైపుకి తోసేవాడు.

"ఎడమకి తోస్తే ఎడమకే పోతే అదేం పడవండీ?" అన్నాడు నాంచారయ్య చిరాగ్గా. "చుక్కాని ఎడమకి తోస్తే పడవ కుడికి పోవాల. ఈ మిషను చేసినోడు సముద్రం మొహం చూసుండడు."

"ఇది బొమ్మ మావయ్యా, నీ పడవ కాదు!" నూరుల్లా పగలబడి నవ్వాడు.

మూడున్నరకి నల్ల కళ్ళద్దాల సూర్యకుమారి బండి దగ్గరికొచ్చింది. "నిమ్మకాయ సోడా ఉందా?"

"నిమ్మకాయ ఎండిపోయిందండీ."

ఆమె గొంతు తగ్గించింది. "ఇప్పటిదాకా ఆట. నాలుగూ పదికి ఆ చుక్క నిజం పడవ, ఈ పిడితోనే నడుస్తుంది. లోపల మనిషుండడు, నిండా బాంబులు. గడి మీ షిప్. నూరుల్లా గుద్దగానే నేను ఫోటో తీయాలి. ఓడని పేల్చింది బందరు సాయిబని రేపు పేపర్లకి పంపుతారు. తర్వాత మీ ఊళ్ళు మీరే తగలబెట్టుకుంటారట."

కాంతారావు చూపు పిప్పరమెంట్లు పంచుతున్న క్రేన్ మీదికి పోయింది. హంతకులని చాలామందినే చూశాడు. వాళ్ళు తమ చేతులైనా వాడారు. వీళ్ళు పిప్పరమెంటు పెట్టి ఎదుటివాడి చేతిని అడుగుతున్నారు. తెలియక తోసిన చేతికి ఆ పాపం అంటుతుందా? అంటదనే అతని నమ్మకం. కానీ రేపు ఊరు ఆ మాట వింటుందా?

"జనరేటర్ ఆపేస్తే?"

"తిన్నగా వెళ్ళి గుద్దుతుంది. పక్కకి తిప్పాల్సిందే. క్రేన్ జేబులో పిస్టల్ ఉంది."

"మీరు ఎవరి మనిషి?"

"మధ్యాహ్నందాకా వాళ్ళ మనిషినే. ఫోటో సంగతి అప్పుడే చెప్పారు." ఆమె ఇసకలో ఉమ్మేసి వెళ్ళిపోయింది.

సీసాల కింద వైర్‌లెస్ జనరేటర్ హోరుకి గరగరమంది తప్ప షిప్‌కి అందలేదు. నాలుగూ ఎనిమిది. కాంతారావు నూరుల్లాకి సోడా అందిస్తూ గొణిగాడు. "పోలీసుని. అరవై ప్రాణాలు. నువ్వు గురి తప్పితే దొరకి అనుమానం, నీ ఛాన్స్ నాంచారయ్యకివ్వు. నవ్వుతూ ఇవ్వు."

నూరుల్లా మొహం పాలిపోయింది. కానీ నవ్వాడు. "దొరగారూ, నా ఛాన్స్ మా మావయ్యకిస్తున్నా!"

"నో! ఛాంపియన్ ఓన్లీ!"

"బోర్డు మీద ఏం రాశారండీ?" కాంతారావు అరిచాడు. "ఎవరైనా ఆడవచ్చనేగా?"

జనం అందుకున్నారు. "ఎవరైనా! ఎవరైనా!"

జేబులోకి వెళ్ళిన క్రేన్ చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. అతను నాంచారయ్య చేతిని పిడి మీద పెట్టి నొక్కాడు. "లెఫ్ట్ అంటే లెఫ్ట్! అండర్‌స్టాండ్?"

ఈసారి నాంచారయ్య నేర్చుకున్నాడు. చుక్క వంకర లేకుండా గడి వైపు సాగింది. క్రేన్ మొహం మీదికి నవ్వొచ్చింది. వేలెడు దూరం. అరవేలు.

"నాంచారయ్యా! ఎడమన మేట!" కాంతారావు గొంతు చించుకున్నాడు.

ఇసకమేట అనేసరికి నలభై ఏళ్ళ అలవాటు ఒక్కసారిగా లేచింది. పడవని కుడికి తప్పించబోయి ముసలి చెయ్యి పిడిని ఎడమకి విసురుగా తోసింది. చుక్క గిర్రున ఎడమకి తిరిగి గడిని దాటిపోయింది. దూరాన సముద్రంలో, నిజం ఇసకమేట మీద, నిప్పు లేచింది. టెంటు గుడ్డ అదిరింది.

పిస్టల్ బయటికొచ్చేలోపు సోడాబుడ్డి క్రేన్ మణికట్టు మీద పగిలింది. సంకెళ్ళు పడ్డాక కాంతారావు అతని ఒళ్ళో నల్ల పిడి పడేశాడు. "కోదండరామయ్యగారు ఇమ్మన్నారు."

తర్వాత సముద్రంలో చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. ఆ పిప్పరమెంటు వాసన ఇంకా వదల్లేదు.

వెనక నుంచి నాంచారయ్య వచ్చి చెవి గోక్కుంటూ నిలబడ్డాడు.

"ఇంకొక్క ఛాన్స్ ఇప్పించండి బాబూ. ఈసారి తప్పకుండా గుద్దేస్తాను."