షహానియా బోర్డు

"తల దించు. ఇంకా కిందికి."

నర్సింలు వెనక సీటు కింద ముడుచుకుంటాడు. మీద దుప్పటి. దుప్పటి మీద నీళ్ళ బాటిళ్ళ అట్టపెట్టె.

కారు ఖతార్‌లోని దుఖాన్ రోడ్డు మీద దూసుకుపోతోంది.

సాయంత్రపు మగ్రిబ్ అజాన్ ఇప్పుడే అయింది. పడమటి దిక్కు ఇంకా ఎర్రగానే ఉంది. రోడ్డుకు అటూ ఇటూ ఎడారి మాత్రం నల్లబడిపోయింది.

ముందు సీట్లో తిరుమల్ అద్దంలోకి చూస్తాడు.

దూరంగా రెండు లైట్లు... దగ్గరవుతున్నాయి... తెల్ల ల్యాండ్ క్రూయిజర్!

"మళ్ళీ వాళ్ళేనా ఓబులయ్యా?"

"వాళ్ళే సార్. గమ్మునుండండి."

ఓబులయ్య స్టీరింగ్ కుడికి తిప్పేస్తాడు. ట్రైలర్ లారీ హారన్ చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. కారు రెండు లారీల మధ్య ఇరుక్కుంటుంది. ఓబులయ్య లైట్లు ఆర్పేస్తాడు. లారీ నీడలోనే కారు రోడ్డు దిగుతుంది.

ల్యాండ్ క్రూయిజర్ నేరుగా వెళ్ళిపోతుంది.



అల్ షహానియా బోర్డు కనబడుతుంది. పక్కనే ఒంటె బొమ్మ. తిరుమల్ చేయి దానంతటదే ఫోన్ తీస్తుంది. బోర్డు ఒక మూల, వెనక సీటులో దుప్పటి ఒక మూల. క్లిక్. ఫొటో జగిత్యాలలో అతని దగ్గర పనిచేసే ధాత్రికి వెళ్ళిపోతుంది. కింద ఎప్పటిలాగే ఒక మాట రాస్తాడు. 'ముఖం కనబడితే బ్లర్ చెయ్యి.'

తిరుమల్ చాలా జాగ్రత్త గల మనిషి. కనీసం అతను అలాగే అనుకుంటాడు.

పన్నెండేళ్ళు టీవీ రిపోర్టర్‌గా చేశాడు. ఎక్కడికి వెళ్ళినా ముందు ఊరి బోర్డు ఫొటో తీసి చానల్ డెస్కుకు పంపాలి. బోర్డు లేకపోతే స్పాట్‌కు వెళ్ళనట్టే లెక్క. ఆ ఉద్యోగం మానేసి రెండేళ్ళయింది. ఇప్పుడతను గల్ఫ్ కార్మికుల సంఘం నాయకుడు. వచ్చే ఎన్నికల్లో పోటీకి సిద్ధమవుతున్నాడు. పార్టీ రేపు టికెట్ల జాబితా ప్రకటిస్తుంది. ఊళ్ళో కుర్రాళ్ళు అప్పుడే ఫ్లెక్సీలు కట్టేశారు.

ఖతార్‌కు వచ్చింది మాత్రం నర్సింలు కోసం.

నర్సింలు, రాజేశం ఒకే ఊరివాళ్ళు, ఒకే లేబర్ క్యాంపులో ఒకే గది. ఎండాకాలం మధ్యాహ్నం బయట పని చేయించకూడదని ఇక్కడి చట్టం. కంపెనీ చేయించింది. రాజేశం పని చేస్తున్న బిల్డింగు కప్పు మీదే పడి చనిపోయాడు. భుజాన వేసుకుని కిందికి దించింది నర్సింలు. కంపెనీ మాత్రం గదిలో నిద్రలో పోయాడని రాసేసింది. అలా అయితే రాజేశం భార్య సునందకు నష్టపరిహారం రాదు.

రేపు ఉదయం ఎనిమిదింటికి లేబర్ కోర్టులో విచారణ. చూసిన మనిషి నర్సింలు ఒక్కడే. అతను కోర్టు మెట్లెక్కేలోపు పట్టుకుని విమానం ఎక్కించేయాలని కంపెనీ తిరుగుతోంది.

పట్టుకునేవాడు క్యాంప్ బాస్ సత్తిబాబు. గోదావరి జిల్లా మనిషి.

పొద్దున దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఒక గదిలో దాక్కున్నారు. సత్తిబాబు వచ్చాడు!

మధ్యాహ్నం ఉమ్ సలాల్‌లో ఒక తోటలో దాక్కున్నారు. అక్కడికీ వచ్చాడు!

ఎవరు చెబుతున్నారు?

పెట్రోల్ బంకు వెనక ఓబులయ్య కారు ఆపుతాడు. ఇక్కడికి దగ్గర్లోనే ఒంటెల ఫారం. అందులో పనిచేసే మహబూబ్ ఓబులయ్య ఊరివాడే. రాత్రికి నర్సింలును గడ్డివాములో దాస్తానన్నాడు.

తిరుమల్ దిగడు. ఓబులయ్య వైపు తిరుగుతాడు.

"ఓబులయ్యా, ఒక్క మాట అడుగుత. రూముల మనం ముగ్గురమే ఉంటిమి. తోటల గూడ ముగ్గురమే. నర్సింలు ఫోన్ నేనే బంద్ చేయించిన. ఆయనైతే చెప్పుకోడు. నేను చెప్పుకోను."

ఓబులయ్య ఇంజన్ ఆపేస్తాడు.

అతనిది కడప జిల్లా. ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. యజమాని కుటుంబం సెలవులకు వెళ్తే ఆ కారు తీసుకుని వచ్చాడు. దొరికితే ఉద్యోగం పోతుంది. జైలు కూడా రావచ్చు.

"ఫోన్ చూపియ్యి," అంటాడు తిరుమల్.

"నామీదనా సార్ అనుమానం?"

"చూపియ్యి."

ఓబులయ్య ఫోన్ తీసి అరచేతిలో పెడతాడు. "తాళం గూడా లేదు. చూసుకోండి."

తిరుమల్ చూస్తాడు. అన్నీ ఒకే పేరు. హనుమక్క. ఓబులయ్య భార్య. పొద్దుటి నుంచి చేస్తూనే ఉంది. అతను ఒక్కటీ ఎత్తలేదు.

తిరుమల్ ఫోన్ తిరిగి ఇచ్చేస్తాడు.

అప్పుడే అతని ఫోన్ మోగుతుంది. ఇండియా నంబరు.

"తిరుమల్ సారూ... నేను రాములవ్వను. నర్సింలు వాళ్ళ అవ్వను."

"చెప్పవ్వా."

"మావోని ఫోన్ బందున్నది. పక్కింటి ప్రమీల ఫోన్ల మీ ఫొటోలే చూసుకుంట కూసున్న. పొద్దుగాల అర్రల ఉంటిరి. తర్వాత తోటల ఉంటిరి. గిప్పుడు ఒంటె బొమ్మకాడ ఉన్నరట. దుబాయ్‌ల గన్ని దిక్కులు ఎందుకు తిప్పుతున్నవ్ బిడ్డా? మావోడు తిన్నడా?"

తిరుమల్ చేతిలో ఫోన్ ఒక్కసారిగా బరువెక్కుతుంది.

"అవ్వా... ఫొటోలు అప్పుడే అచ్చినయా?"

"అచ్చినయి గద. ఊరంత చూస్తున్నరు. మావోడు తిన్నడా అంటున్న..."

"మళ్ళ చేస్తనవ్వా."

కట్ చేసి ధాత్రికి ఫోన్ చేస్తాడు. ఒకప్పుడు అదే చానల్ డెస్కులో పనిచేసిన అమ్మాయి. ఇప్పుడు అతని పేజీలన్నీ చూస్తుంది.

"ఫొటోలు ఎప్పుడు పెడుతున్నవ్?"

"రాంగనే అన్నా. విచారణ అయినంక పెడితే ఎవడు చూస్తడు, రేపే జాబితా, వేడి మీదనే వెయ్యి అని మీరే అంటిరి గద."

అన్నాడు. నిన్న రాత్రి హోటల్ గదిలో పడుకుని, కాలు మీద కాలేసుకుని అన్నాడు. ఈ మాట ఇప్పటిదాకా గుర్తే రాలేదు!

"మస్తు పోతున్నయి అన్నా. ఖతార్ నుంచి గూడ ఒకాయన ఉన్నడు. ప్రతి ఫొటోకు ఫస్ట్ లైక్ ఆయనదే. మీకు మంచి అభిమాని."

"పేరు?"

"సత్తిబాబు గోదావరి."

తిరుమల్ కళ్ళు మూసుకుంటాడు.

"ఏమైందన్నా? తీసెయ్యనా?"

"వద్దు. ఇప్పుడు తీస్తే తెలిసిపోతది."

ఫోన్ పెట్టేస్తాడు. ఓబులయ్య అంతా విన్నాడు. ఒక్క తిట్టు తిడితే బాగుండునని తిరుమల్‌కు అనిపిస్తుంది. సిగ్గుతో మెడ కాలిపోతోంది. మనిషిని దాస్తున్నానంటూ పొద్దుటి నుంచి ఊరూరా టముకు వేసింది తనే. పైగా ఈ మనిషి ఫోన్ గుంజుకుని చూశాడు.

దుప్పటి కదులుతుంది. నర్సింలు తల బయటికి వస్తుంది.

"సారూ... గిప్పుడెట్ల?"

కోపం లేదు ఆ గొంతులో. అదే భరించడం కష్టంగా ఉంది.

"ఒంటె బోర్డు చూసిండు. ఇక్కడికే అస్తడు," అంటాడు తిరుమల్. "నేను ఈడనే దిగుత. ఓబులయ్యా, నువ్వు నర్సింలును మహబూబ్ దగ్గరికి తీస్కపో. పొద్దుగాల నేరుగా కోర్టుకు. ఈ రాత్రి నా నోట్లకెంచి ఏ మాట విన్నా నమ్మకు. నా ఫోన్ అచ్చినా ఎత్తకు."

"మీరేం జేస్తారు సార్?"

"ఆన్ని ఆపుత. ఎట్లనో నాకు గూడ తెల్వదు." ఒక్క క్షణం ఆగుతాడు. "నిన్ను నేను నమ్మలే. నువ్వు మాత్రం నన్ను నమ్మాలె."

ఓబులయ్య గేరు వేస్తాడు. "నమ్మక యాడికి పోతా సార్, ఇంతదూరం వచ్చినాక. దిగండి బిరీన."

కారు లైట్లు లేకుండా ఇసుక బాటలోకి జారిపోతుంది.

తిరుమల్ బంకు ముందున్న టీ కొట్టు దగ్గర, వెలుతురులో నిలబడతాడు. ఒక కరక్ చాయ్ తీసుకుంటాడు.

తెల్ల ల్యాండ్ క్రూయిజర్ వెనక్కి తిరిగి వస్తుంది!

సరిగ్గా అతని మోకాళ్ళ ముందు ఆగుతుంది. ఇద్దరు బలమైన మనుషులు దిగుతారు. వాళ్ళ వెనక, పెళ్ళికి వచ్చినట్టు ఇస్త్రీ చొక్కాతో సత్తిబాబు దిగుతాడు.

"ఏవండీ తిరుమల్ గారూ, రోజంతా తిప్పేసేరు కదండీ మమ్మల్ని. కుర్రాడేడండీ?"

"దాచిన."

"మీరు దాచడం ఎలాగుంటాదో చూసేం లెండి." నవ్వుతాడు. "ఇది ఇండియా కాదండీ. విజిట్ వీసా మీద వచ్చి సంఘం, గింఘం అంటే లోపలేసేస్తారు. ఒక్క ఫోన్ కొడితే చాలండి."

"కొట్టు."

"ఎందుకండీ గొడవ? మా ఓనర్‌కి మీ పార్టీ పెద్దలు బాగా తెలుసండి. చెప్పాల్సిన మాట చెబితే రేపు జాబితాలో మీ పేరే మొదటుంటాది. కుర్రాణ్ణి ఇచ్చేయండి."

జాబితా... మొదటి పేరు...

ఒక్క క్షణం తిరుమల్ మనసు అటు లాగుతుంది. ఇంత జరిగాక కూడా! ఆ ఒక్క క్షణానికి అతను తన మీదే ఉమ్మేసుకోవాలనుకుంటాడు.

సత్తిబాబు అతని ముఖంలో ఆ ఆశను చూశాడు. చూశాడని తిరుమల్‌కూ తెలిసింది.

దారి అక్కడే దొరుకుతుంది.

"ఇస్త," అంటాడు తిరుమల్. "కానీ ఇప్పుడు కాదు. నీ మనుషులను చూస్తే వాడు ఉరుకుతడు, నలుగురిల అరుస్తడు. నా మీద నమ్మకంతోని కూసున్నడు. పొద్దుగాల కోర్టుకని చెప్పి నా డ్రైవరు కార్ల ఎక్కించుకుంటడు. ఎనిమిదింటికి ఎయిర్‌పోర్టు కాడ దించుతడు. నువ్వు టికెట్ తీసి పెట్టు."

"మరి మీరో?"

"నీ కార్ల, నీ పక్కనే ఉంట. వాడు రాకుంటే నన్ను పోలీసులకు అప్పజెప్పు."

సత్తిబాబు గడ్డం గోక్కుంటాడు.

"బానే ఉందండీ. నమ్మడం ఎలాగండీ?" ఆలోచించి వేలు ఎత్తుతాడు. "ఒక పని చేద్దారి. మీరు ఫొటోలు బాగా పెడతారు కదా. ఇప్పుడో లైవ్ పెట్టండి. ఆ కుర్రాడు సాక్ష్యం చెప్పడని, కంపెనీతో మాటాడుకున్నామని, మీ నోటితో మీ జనానికి చెప్పేయండి. రాజకీయం చేసేవాడు ఊరికే తన పరువు తీసుకోడు కదండీ. అప్పుడు నమ్ముతాను."

తిరుమల్ ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు.

ఫ్లెక్సీలు గుర్తొస్తాయి. జాబితా గుర్తొస్తుంది. సంఘంలో చేరి, తనను చూసి చేయెత్తి జై కొట్టిన కూలీలు గుర్తొస్తారు.

లైవ్ నొక్కుతాడు.

"నమస్తే. నేను మీ తిరుమల్‌ను. నర్సింలు రేపు సాక్ష్యం చెప్తలేడు. నేనే వద్దన్న. కంపెనీతోని మాట్లాడుకున్నం. పొద్దుగాల నర్సింలు విమానం ఎక్కుతడు. రాజేశం కేసు ఇక అయిపోయినట్టే. నన్ను ఎవ్వరు అడగొద్దు."

కామెంట్లు వరదలా వస్తాయి. దొంగ... అమ్ముడుపోయిండు... థూ... చెప్పుల బొమ్మలు... ధాత్రి ఫోన్ చేస్తుంది. అతను ఎత్తడు. మళ్ళీ చేస్తుంది. తర్వాత ఆగిపోతుంది.

రాజేశం భార్య సునంద కూడా చూస్తూ ఉంటుంది. చూడకుండా ఎలా ఉంటుంది?

లైవ్ ఆపేస్తాడు. సత్తిబాబు చప్పట్లు కొట్టబోయి మానుకుంటాడు.

ఫోన్ మళ్ళీ మోగుతుంది.

రాములవ్వ!

"ఎత్తండి," అంటాడు సత్తిబాబు. "స్పీకర్‌లో."

తిరుమల్ వేలు తెర మీద ఆగిపోతుంది. అవ్వకు నిజం చెప్పకూడదు. విడిగా దొరికినా చెప్పకూడదు. ఆమెకు చెబితే ప్రమీలకు తెలుస్తుంది, ప్రమీలకు తెలిస్తే ఊరి గ్రూపుకెక్కుతుంది. ఆ గ్రూపులు ఎవరెవరు చూస్తారో ఇవాళ బాగా తెలిసొచ్చింది.

ఎత్తుతాడు.

అవతల టీవీ చప్పుడు మాత్రం వినబడుతోంది.

"నిజమేనా బిడ్డా?"

తిరుమల్ సత్తిబాబు వైపు చూస్తాడు.

"నీ వెంట పొమ్మని మావోనికి మేమే చెప్తిమి గద. టీవీల చెప్పేటోడు అబద్ధం ఆడడని చెప్తిమి. నా కొడుకును అమ్ముకున్నవా?"

సత్తిబాబు రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఆ ఇద్దరు మనుషులూ చూస్తున్నారు.

"అమ్ముకున్ననవ్వా."

అబద్ధంగా చెప్పాలనుకున్న మాట నోట్లోంచి నిజంలాగే వచ్చింది. పొద్దుటి నుంచీ చేసిన పని అదేనని అప్పుడు తెలుస్తుంది తిరుమల్‌కు.

సత్తిబాబు భుజాలు వదులవుతాయి. నమ్మేశాడు. కారు వెనక తలుపు తెరిచి, ఎక్కమన్నట్టు చేయి చూపిస్తాడు. ఒకతను అప్పుడే ఫోన్‌లో విమానం టికెట్ చూస్తున్నాడు.

తిరుమల్ ఎక్కుతాడు. తలుపుకు లాక్ పడుతుంది. కారు దోహా వైపు, ఎయిర్‌పోర్టు వైపు తిరుగుతుంది. రేపు ఎనిమిదింటికి ఓబులయ్య కారు అక్కడికి రాదు, కోర్టుకు పోతుంది. అప్పుడు వీళ్ళు తననేం చేస్తారో తర్వాతి సంగతి.

ఫోన్ ఇంకా కట్ కాలేదు.

"సరే," అంటుంది రాములవ్వ. ఏడవడం లేదు. "అయిందేదో అయింది. ఒక్కటి చెప్పు. ఆని కడుపుల ఇంత అన్నమన్న పడ్డదా?"

ఒంటె బొమ్మ బోర్డు అద్దం పక్క నుంచి వెనక్కి పోతుంది.

తిరుమల్‌కు తెలియదు. పొద్దుటి నుంచి నర్సింలును ఇన్ని ఫొటోలు తీశాడు. ఆ మాట ఒక్కసారి కూడా అడగలేదు.