బర్నర్‌కి అటూ ఇటూ

మొదటి రోజే ఆమె నా మీద ఫిర్యాదు చేసింది. అదీ నా ఎదురుగానే.

"మేడమ్, ఈయన ప్లేటు మూత తెరిచి మాట్లాడుతున్నారు."

నేను మాట్లాడింది ఆమెతోనే. "మీ పెన్ను ఒకసారి ఇస్తారా" అన్నాను, అంతే. కానీ సూక్ష్మజీవుల ల్యాబ్‌లో ట్రైనీలకు నేర్పే మొట్టమొదటి పాఠమే అది. గాజుప్లేటులో క్రిములు పెరిగే అగార్ అనే జెల్లీ పోసి గట్టిపరుస్తారు. దాని మూత తీసినంతసేపూ నోరు మూసుకోవాలి. లేకపోతే మన నోట్లో ఉన్నవన్నీ అందులో పడి మర్నాటికల్లా మొలుస్తాయి.

"పెన్ను అడిగావా? రేపు చూడు, ప్లేటు ఏమిస్తుందో" అంది మాకు పని నేర్పే మేడమ్.

మర్నాడు నా ప్లేటు నడిమధ్యన పసుప్పచ్చగా ఒక మచ్చ మొలిచింది. బ్యాచ్ అంతా వంతులవారీగా వచ్చి చూసి నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. నవ్వినా బాగుండేదని ఇంటికెళ్ళేదాకా అనుకున్నాను.

మా నాన్నకు టైలరింగ్ షాపు ఉంది కాబట్టి బ్యాచ్‌లో నన్ను దర్జీ అనేవాళ్ళు. ఆమెను ఇన్‌స్పెక్టర్ అనేవాళ్ళు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. మేడమ్‌కి లోకంలో ఇంకెవరూ దొరకనట్టు మా ఇద్దరినీ ఒకే బెంచీకి వేసింది.

బెంచీకి ఒక రూలు ఉండేది. ఇద్దరూ కలిసి ఒక ఖాళీ ప్లేటు పెట్టాలి. దాని అడుగున మార్కరుతో మధ్యకి గీత గీసి, ఒక సగం ఒకరు, రెండో సగం ఒకరు చెయ్యాలి. లూప్ అంటే చివర చిన్న సున్నా ఉన్న తీగ. దాన్ని బర్నర్ మంటలో ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, ఏ క్రిమీ అంటించకుండా ఉత్తినే అగార్ మీద గీతలు గియ్యాలి. మర్నాడు దాని మీద ఏమీ మొలవకూడదు. మొలిస్తే చెయ్యి శుభ్రంగా లేదని అర్థం.

"ఎవరి సగంలో మొలిచినా ఇద్దరూ ఫెయిలే" అంది మేడమ్. "రిపోర్టు తప్పయితే ఎవరి చెయ్యి తప్పని రోగి అడగడు. మూడు పరీక్షలు. మూడూ తప్పితే ఇద్దరూ ఇంటికే."

మొదటి పరీక్షలో నా సగంలో రెండు మచ్చలు. రెండో పరీక్షలో నాలుగు. ఆమె సగం రెండుసార్లూ కడిగిన అద్దంలా ఉంది.

"అభివృద్ధి కనిపిస్తోంది కదా" అన్నాను, వాతావరణం తేలిక చేద్దామని.

ఆమె చూసిన చూపుకి బర్నర్ అక్కర్లేకుండానే లూప్ ఎర్రబడేది.

"నేను ఇదే ల్యాబ్‌లో కింది అంతస్తులో రెండేళ్ళపాటు రిసెప్షన్‌లో కూర్చున్నాను" అంది. "ఎవరో చేసిన రిపోర్టులు కవర్లలో పెట్టి ఇచ్చేదాన్ని. ఇందులో ఏముందమ్మా అని అడిగితే నాకు తెలీదండీ అనేదాన్ని. మళ్ళీ ఆ బల్ల వెనక్కి నేను వెళ్ళను. మీకు నవ్వులాటగా ఉందేమో, నాకు లేదు."

నాకూ లేదు. షాపు వదిలి ల్యాబ్‌లో చేరతానంటే మా వీధి వీధంతా నవ్వింది, నాన్న ఒక్కడు తప్ప. ఆ మాట ఆమెతో చెబుదామనుకున్నాను. ఆమె అప్పటికే అటు తిరిగి బెంచీ తుడుస్తోంది.

ఆ సాయంత్రం స్టోర్‌రూమ్‌లో గ్లవ్స్ తీసుకుంటుంటే బయట మేడమ్ గొంతు వినిపించింది.

"నీ చెయ్యి బాగుంది. అతనితో ఉంటే మునిగిపోతావు. కిటికీ దగ్గర బెంచీలో ఒక సీటు ఖాళీగా ఉంది, మారిపో."

నాకు భయం వేసింది. పరీక్ష పోతుందని కాదు. ఆమె పక్కన ఉండదని. నేను పీకల్లోతు మునిగిపోయి ఉన్నానని అప్పుడే తెలిసింది నాకు.

"వద్దు మేడమ్. నాకు ఈ బెంచీ అలవాటైంది" అంది ఆమె.

మర్నాడు ఉండబట్టలేక అడిగేశాను. "ఎందుకు మారలేదు?"

"కిటికీ దగ్గర ఎండ పడుతుంది" అంది లూప్ కాలుస్తూ. మా ల్యాబ్ కిటికీల అద్దాలకు నల్ల కాగితం అంటించి ఉంటుంది.

మూడో పరీక్షకు నాలుగు రోజులుందనగా ఆమె మా షాపుకు వచ్చింది. తెల్లకోటు చేతులు పొడుగై వేళ్ళ మీదికి జారుతున్నాయట. నాన్న కొలత తీసుకుంటున్నాడు. నేను బల్ల దగ్గర చొక్కా గుడ్డ కత్తిరిస్తున్నాను. సాయంత్రాలు ఆ పని నాదే.

తలెత్తి చూస్తే ఆమె నన్నే కన్నార్పకుండా చూస్తోంది. సంబరపడి కాలర్ సర్దుకున్నాను.

"అంకుల్, ఈయన ఎడమచేత్తో కత్తిరిస్తున్నారేంటి?"

"వాడు చేసే పనంతా ఎడమచేత్తోనేనమ్మా. రాత ఒక్కటే కుడి. స్కూల్లో వాడి చెయ్యి మార్చారు" అన్నాడు నాన్న టేపు మడుస్తూ. "నేను కత్తెర మార్చాను. అది వాడికోసం ప్రత్యేకంగా చేయించిందే."

ఆమె బల్ల దగ్గరికొచ్చి నేను కోసిన అంచు చూసింది. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వేలితో తడిమింది.

"ఎక్కడా వంకర పోలేదు" అంది. ఆ తర్వాత మొదటిసారి నన్ను నువ్వు అంది. "ఇంత మంచి చెయ్యి పెట్టుకుని ఇన్నాళ్ళూ ల్యాబ్‌లో ఎక్కడ దాచావు?"

దాచలేదు. అసలు తోచలేదు. లూప్ పెన్నులా ఉంటుంది, పెన్ను కుడిచేతిది. పైగా బర్నర్ కుడివైపు పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. కుడిచేత్తో ఎక్కడ ఆనించాలో తడుముకుంటూ మూత తెరిచిపెట్టి కూర్చునేవాణ్ణి. ఈలోగా గాలిలో ఉన్నవన్నీ తీరిగ్గా దిగి కాపురం పెట్టేవి.

మర్నాడు ఆమె నేరుగా మేడమ్ ముందు నిలబడింది. నేను ఆమె వెనక నిలబడ్డాను.

"బర్నర్ కుడివైపే ఉండాలి. పద్ధతి అది" అంది మేడమ్.

"పనిచేసే చెయ్యి వైపు ఉండాలనే కదా మేడమ్ అసలు ఉద్దేశం. చెయ్యి ప్లేటు మీదుగా దాటకూడదని."

మేడమ్ కళ్ళజోడు తీసి తుడిచింది. మళ్ళీ పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఇరవై ఏళ్ళుగా నేర్పుతున్నాను. నన్ను ఎవ్వరూ అడగలేదు" అంది. "మూడు రోజులే ఉన్నాయి. మీ ఇష్టం."

సీట్లు మారాయి. ఆమె కుడిచెయ్యి, నా ఎడమచెయ్యి ఒకే వైపుకొచ్చాయి. రెండు బర్నర్లు అక్కర్లేకపోయాయి. ఒక్కటే మధ్యలో పెట్టుకుని అటు ఆమె, ఇటు నేను కూర్చున్నాం.

ఆ మూడు రోజులూ నాకు పండగలే. మూతలు తెరిచి ఉన్నప్పుడు మాట్లాడకూడదు కాబట్టి కనుబొమ్మలతో మాట్లాడుకున్నాం. ఒక కనుబొమ్మ ఎత్తితే మంట నీదే కానియ్ అని. రెండూ ముడిపడితే లూప్ ఇంకా చల్లారలేదు, ఆగు అని. మూత పడగానే ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టేవాళ్ళం.

"తొందరపడ్డావు."

"లేదు, నువ్వే మంట వదల్లేదు."

"మొహం చూడకు, ప్లేటు చూడు."

"రెండూ ఒకే వైపున్నాయి, నేనేం చెయ్యను?"

ఆమె గ్లవ్స్ సర్దుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. బర్నర్ వేడికేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పరీక్ష రోజు మేడమ్ మా వెనకే చేతులు కట్టుకుని నిలబడింది. ఖాళీ ప్లేటు ముందు పెట్టాం. ఆ తర్వాత క్రిములు వేసే అసలు ప్లేట్లు, చెరొకటి. రెండు రకాల క్రిములు కలిసిన చుక్క ఇచ్చింది. నాలుగు దఫాలుగా గీతలు లాగుతూ పోతే చివరి గీతల్లో అవి విడివిడి చుక్కలుగా మొలవాలి. ఎడమచేత్తో లూప్ పట్టుకున్నాను. గుడ్డ మీద కత్తెర నడిచినట్టే నడిచింది. మూత తీసిందీ పెట్టిందీ నాకే తెలియలేదు.

మర్నాడు ఉదయం, ప్లేట్లను రాత్రంతా వెచ్చగా ఉంచిన ఇంక్యుబేటర్ తెరిచారు. బ్యాచ్ అంతా మూగింది. మేడమ్ ముందు ఖాళీ ప్లేటు తీసి లైటు ముందు పట్టుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"నీ సగం ఏది?" అని నన్ను అడిగింది.

"ఎడమవైపుది మేడమ్."

"తేడా తెలియడం లేదు" అంది.

అగార్ మీద గీతల ఆనవాళ్ళు తప్ప ఇంకేమీ లేదు, రెండు సగాల్లోనూ. నా అసలు ప్లేటు చూస్తే చివరి వరసలో తెల్ల చుక్కలు కొన్ని, ఎర్ర చుక్కలు కొన్ని, దేని మానాన అది. మేడమ్ ఆ ప్లేటు బ్యాచ్ అందరికీ చూపించింది. మొదటి రోజు నా మచ్చ చూసి నవ్వినవాళ్ళే ఇప్పుడు ఫోన్లు తీసి ఫొటోలు పట్టుకున్నారు. ఆమె నా భుజం మీద గట్టిగా ఒకటి చరిచింది. ఆ దెబ్బ నాకు సర్టిఫికెట్ కంటే ఎక్కువనిపించింది.

"ఇద్దరూ పాస్" అంది మేడమ్. "సోమవారం నుంచి నువ్వు ఇక్కడే. ఈ అమ్మాయి పైన రక్తపరీక్షల విభాగంలో."

గాల్లో తేలుతున్నవాణ్ణి దభీమని కింద పడ్డాను.

కారిడార్‌లో ఆమె కోటు మడత పెట్టుకుంటోంది. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"చెప్పు. ఇప్పుడు మూతలేమీ తెరిచి లేవు" అంది.

"నువ్వు పక్కన లేకపోతే నాకు బాగుండదు" అన్నాను. "పని గురించి కాదు. నువ్వంటే నాకు ఇష్టం. స్టోర్‌రూమ్‌లో గ్లవ్స్ తీసుకున్న రోజు నుంచి తెలుసు. పాసయ్యాక చెబుదామని ఆగాను. ఫెయిలయ్యేవాడికి ఆ మాట అడిగే మొహం ఎక్కడుంటుంది?"

ఆమె కోటు మడత ఆపేసింది.

"ఆదివారం మా ఇంటికి రా. అమ్మ నిన్ను చూస్తానంది."

"పాసయ్యానని అప్పుడే చెప్పేశావా?"

"లేదు. నీ గురించి అమ్మకి చెప్పింది రెండో పరీక్ష పోయిన రోజు."

"నాలుగు మచ్చలు వచ్చిన రోజా?"

"ఆ రోజే. అవి చూసుకుని నీ మొహం చిన్నబోయింది, అయినా నన్ను నవ్వించాలని చూశావు. ఇంటికెళ్ళి అమ్మతో చెప్పాను, ఇతను పాసైనా ఫెయిలైనా నాకు ఇతనే కావాలని" అంది.

నేను గోడకి ఆనుకున్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపే లిఫ్ట్ వచ్చింది. ఇద్దరం కలిసే దిగాం.