నారాయణగూడ గుర్రాలు

చిక్కడపల్లి ఇరానీ హోటల్లో గూఢచారి విభాగం చీఫ్ కాశీవిశ్వనాథం చాయ్ ముట్టకుండా ఒక ఫోటో ముందుకు జరిపాడు.

"నిహారిక. జంతు హక్కుల సంఘంలో మన ఇన్‌ఫార్మర్. డబుల్ ఏజెంటని నిన్ననే తేలింది. విదేశీ మందుల ముఠా మనిషి. టార్గెట్, నారాయణగూడ గరళహర ల్యాబ్."

పాముకాటుకు మందు చేసే ల్యాబ్ అది. పన్నెండు గుర్రాలకు కొద్దికొద్దిగా విషమెక్కించి, వాటి నెత్తురు నుంచి సీరం తీస్తారు. కోల్డ్ రూమ్‌లో ఎనిమిది వేల సీసాలున్నాయి, వానాకాలం మొత్తానికి స్టాక్. అది పాడైతే పొలాల్లో మనుషులు చస్తారు, ముఠా మందు అడిగిన ధర పలుకుతుంది.

"రేపు నాలుగింటికి సంఘం వాళ్లు గుర్రాలను రోడ్డు మీదికి వదులుతారు. గార్డులు వాటి వెంట పరిగెత్తగానే నిహారిక కోల్డ్ రూమ్‌ను వేడెక్కించి సీరం పాడుచేసే హీట్ బాంబు పెడుతుంది. ఆధారంతో పట్టుకో."

"సంఘం వాళ్లకు తెలుసా?" అన్నాడు ఏజెంట్ అవినాష్.

"తెలీదు. చెప్పకు. ఆపరేషన్ లీకవుతుంది."

మూడు వారాలుగా అవినాష్ ఆ సంఘంలో వాలంటీరు వేషంలో ఉన్నాడు. ఆ సాయంత్రం అశోక్ నగర్ ఫ్లాట్‌లో సంఘం పెద్ద, రిటైర్డ్ లెక్కల టీచరు ఆదిలక్ష్మి అతనికి గుర్రాల ఫోటోలు చూపించింది.

"చూడు బాబూ, మెడ నిండా సూది పుండ్లు. నోరుంటే తిట్టేవి కదా మనల్ని!"

ఆ పుండ్లు నిజం. ఆవిడ కన్నీళ్లూ నిజం. అవినాష్‌కు తన ఉద్యోగం మీద అసహ్యం వేసింది.

మర్నాడు అతను ల్యాబ్ హెల్పర్ యూనిఫాంలో, గుండీ కెమెరాతో లోపల ఉన్నాడు. సరిగ్గా నాలుగింటికి ఆదిలక్ష్మి మనుషులు గేటు తాళం పగలగొట్టారు. గుర్రాలను చూసుకునే ఈదయ్య అడ్డం వచ్చాడు.

"అమ్మా, జర ఆగుండ్రి! పోయిన వానకాలం నా పెండ్లాం బాలనాగమ్మను పాము కరిస్తె గీ మందే బతికిచ్చింది."

"అందుకని ఇవి రోజూ చావాలా ఈదయ్యా?"

"రోజు కడిగేది నేను, మేపేది నేను. మీరొక్క దినమన్న ఈటి పెండ ఎత్తిండ్రా?"

ఆవిడ అతన్ని దాటుకుని వెళ్లింది. గేటు బార్లా తెరిచింది. "వెళ్లండమ్మా, వెళ్లండి!"

ఒక్క గుర్రమూ కదల్లేదు. నెత్తురు తీసిన రోజు నాలుగింటికి ఈదయ్య బెల్లం, నానబెట్టిన సెనగలు పెడతాడు. ఇవాళ నెత్తురు తీశారు. అవి అతని చేతులకేసి చూస్తూ నిలబడ్డాయి. నిహారిక ప్లాన్‌లో ఈ అలవాటు ఒక్కటే లేదు.

గుర్రాలు కదలకపోవడంతో గార్డులూ ల్యాబ్ దగ్గరే ఉండిపోయారు. కోల్డ్ రూమ్‌లో అవినాష్ నిహారికను చూశాడు. తెల్లకోటు, చేతిలో లిప్‌స్టిక్ పిస్టల్, షెల్ఫ్ మీద బాంబు. టైమర్ పన్నెండు సెకన్లు చూపిస్తోంది.

"గార్డులంతా గుర్రాల వెంట పోయారు అవినాష్. ఎవరిని పిలుస్తావు?"

అతను గట్టిగా అరిచాడు. నలుగురు గార్డులు దూసుకొచ్చారు. ఆమె ఉలిక్కిపడి కాల్చిన గుండు గోడలో దిగింది. టైమర్ రెండు దగ్గర ఉండగా అవినాష్ వైరు పీకేశాడు. ఎనిమిది వేల సీసాలు చల్లగానే ఉన్నాయి.

గార్డులకు పట్టుబడిన నిహారిక ఏడింటికల్లా విడుదలై దౌత్య పాస్‌పోర్టుతో విమానం ఎక్కింది. ఆదిలక్ష్మి పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుంది. అవినాష్ ఎవరో ఆవిడకు అక్కడే తెలిసింది.

"తాళం పగలగొట్టింది నేనే, ఒప్పుకుంటాను," అందావిడ. "కానీ బాంబు సంగతి నీకు ముందే తెలుసు కదా బాబూ? ఒక్క మాట చెప్పి ఉంటే ఆ తలుపుకు అడ్డంగా నేనే కూర్చునేదాన్ని."

అవినాష్ ఫోన్ మోగింది.

"మిషన్ సక్సెస్! కస్టడీలో ఎవరున్నారు?" అన్నాడు చీఫ్.

"అరవై ఎనిమిదేళ్ల లెక్కల టీచరు సార్. దేశం గట్టెక్కింది."